బంధువులెవరూ లేరని

వంటింటి తలుపు వేసుకుని అక్కా తమ్ముడూ గంట నుంచీ వాదించుకుంటున్నారు.

“ఒక్క అబద్ధమేగా అక్కా! నాన్నకి బంధువులెవరూ లేరని ఈ దరఖాస్తులో రాస్తే అంత్యక్రియల ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది.”

“ఆయన గడియారం పెట్టుకు తిరుగుతున్నావు, మరి నువ్వెవడివిరా? దారిన పోయేవాడివా?”

“శ్మశానం వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళ నెత్తినే బిల్లు పడుతుందట. నేను పెట్టను.”

“బ్యాంకులో ఆయన దాచుకున్న డబ్బులు ఉన్నాయిగా?”

“అవి మన వాటాలు!”

“ఆహా! పంచుకోడానికి కొడుకువి, సాగనంపడానికి కాదు! బ్యాంకులో అడిగొచ్చాను. బిల్లు చూపిస్తే ఆయన సొమ్ములోంచి ముందు ఈ ఖర్చే కడతారట.”

“ఏమీ మిగలకపోతే?”

“అప్పుడు ఏడువు. నాన్న కోసం ఇంతవరకూ ఏడవలేదుగా.”

ఆమె దరఖాస్తు చింపేసి, శ్మశానం వాళ్ళ కాగితం మీద సంతకం చేసింది. తలుపు తీసి, హాల్లో ఉన్న ఇంటిల్లిపాదికీ మెల్లగా చెప్పింది.

“రేపు పదింటికి బయల్దేరుతున్నాం. ఖర్చు నాన్న డబ్బే. మిగిలితేనే వాటాలు.”