ఇంటికి తీస్కపోండ్రి

జగిత్యాల దవాఖానలో పనిచేసే ఒక నర్సు తన ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. గూడెం నుంచి వచ్చిన గోండు యువకుడు గడప దగ్గర కూర్చున్నాడు.

“అక్కా, బాపు పొద్దటిసంది కండ్లు తెరుస్తలేడు.”

“దవాఖాన్ల డాక్టర్ నీకేమన్నడు?”

“ఇంటికి తీస్కపోండ్రి అన్నడు. మంచిగైండని దేవునికి కోడిని గూడ కోసినం.”

“తమ్మీ, గా మాటకు ఇగ బతకడని అర్థం.”

“మరి పక్క మంచం సిరిసిల్లాయన? ఆయనకు గూడ దమ్ము ఆడకపాయె.”

“ఆయన కొడుకును పిలిచి అంత చెప్పిండ్రు. అడిగి దమ్ము మిషన్ పెట్టిండ్రు.”

“మమ్ముల ఎందుకు అడగలే?”

“మీకు తెలుగు సక్కగ రాదనుకున్నరు.”

“గిప్పుడు నీతోని మాట్లాడేది ఏ బాస అక్కా?”

ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది.

“బాపును మళ్ల దవాఖానకు తోల్కత్తే మిషన్ పెడ్తరా?”

ఆమె చేటను మళ్లీ ముందుకు లాక్కుంది. అతను లేచి వెళ్లిపోయాడు.