మూత దాటిన తడి

మేడ మీది గదిలో కోడలు కంప్యూటర్ ముందు గంతులేస్తోంది. ఖాళీ బకెట్టుతో వచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమైందమ్మా, ఆ గెంతులేమిటి?"

"అత్తయ్యా! పొద్దున నేను గాలిని కొలిచే పరికరాల పెట్టె కట్టి వదిలిన బెలూన్ మబ్బులన్నీ దాటిపోయింది. అక్కడ కూడా గాలిలో తడి ఉందట!"

"ఉంటే ఉండనీ."

"ఉండకూడదండీ! కింది గాలికీ పై గాలికీ మధ్య మూతలాంటి చల్లటి పొర ఉంటుంది. అది దాటేలోపే గాలి తన తడినంతా మంచుగా వదిలేస్తుంది. మరి ఇంత తడి ఎలా దాటింది? ఇది ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇప్పుడే ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేస్తాను."

"చేద్దువుగానీ, మీ మామయ్యగారి ఉన్ని మేజోళ్ళు చూశావా? పొద్దున ఇక్కడే ఆరేశాను."

"ఎక్కడ?"

"గది ముందు నువ్వు కట్టిన కొత్త తాడు మీద. ఎగిరిపోకుండా క్లిప్పులు కూడా పెట్టాను."

కోడలు కుర్చీలో కూలబడింది. వదిలేటప్పుడు ఆమె చూపంతా బెలూన్ మీదే ఉంది.

"అత్తయ్యా, అది బెలూన్ తాడు."

అత్తగారు కిటికీలోంచి ఆకాశంలోకి తొంగిచూశారు.

"అంత పైకెళ్ళినా ఇంకా ఆరలేదా?"

"లేదు." కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పోనీలెండి, బెలూన్ పగిలి ఎక్కడో పడుతుంది. పెట్టె మీద మామయ్యగారి పేరూ అడ్రసూ రాశాను, దొరికినవాళ్ళు తెచ్చిస్తారు."

"ఆయన పేరు రాశావా! కొంప ముంచావే తల్లీ, వాటికి బొటనవేళ్ళ దగ్గర ఇంతింత చిల్లులు!"