ఇసుర్రాయి చేతికి కుట్టుమిషన్

"అవ్వా, మా ఆఫీసుల కంప్యూటర్లు పెట్టిండ్రు. నాకు సమజైతలేదు. నౌకరి ఇడిసిపెడ్తనే."

ఇడుస్తవా? ఇడువు, ఇడిసి నా పక్కన కూసోని పల్లికాయలు ఒలువు! మొకం చూడు... కూసో, చెప్త.

మా ఎల్లారెడ్డిల అమ్మ సూదితోని రవికెలు కుట్టేది. రవికెకు ఒక అణా. గప్పటి అణాకు ఎంత బెల్లం వచ్చేదో... అది మల్ల చెప్త. అగో, గప్పుడు మా ఊరి దర్జీ చాచా కామారెడ్డి నుంచి చేతితోని తిప్పే కుట్టుమిషన్ తెచ్చిండు. రైలు దిగి, బండెక్కి వచ్చింది రాణి లెక్క. ఇగ ఊరంత ఆయన దుకాణం కాడనే. అమ్మ సూది మూలకు పడ్డది.

నాకు పదమూడు, కాదు కాదు, పద్నాలుగు. పోయి "చాచా, నేర్పు" అన్న.

"నాకెవ్వలు నేర్పిండ్రు? నేను అన్నానికి పోయినప్పుడు కూసో. వారం అంగడి నాటికి ఒక్క రవికె సక్కగ కుడితివా, నీకూ మీ అమ్మకూ పని నా దగ్గరనే. లేకపోతే మల్ల ఈ గడప తొక్కద్దు."

పిడి పట్టి తిప్పిన. టప్పున దారం తెగె. మల్ల ఎక్కిచ్చిన, మల్ల తెగె. మూడొద్దులు గదే! చాచా వచ్చి తెగిన దారాలు చూసి, "నీ నోరు నడిచినట్టు మిషన్ నడువది బిడ్డా" అంటడు. నాకు మండదా?

మిషన్‌తోని ఉర్దూ కితాబొకటి వచ్చింది. చాచాకు చదువు రాదు, దాని మీద పాన్‌డబ్బా పెట్టిండు. నేనేమో దుకాణాల బోర్డులు చూసుకుంట, వచ్చిపోయెటోల్లను సతాయించి ఉర్దూ అచ్చరాలు నేర్చినదాన్ని. కూడబలుక్కుంట చదివితె ఏమున్నది? పిడి ఆవలి దిక్కు నెట్టాలెనట! నేను ఇసుర్రాయి లెక్క నా దిక్కు గుంజుతున్న. పాట గూడ పాడుతున్ననే, జొన్నలు ఇసిరినట్టు!

నెట్టిన. టకటకటక... అబ్బ, నవ్వాగలే నాకు! అంగడినాడు రవికె కుట్టి, చాచా రాంగనే ఎగిరి లేసిన. నా కొంగు గూడ సూది కిందున్న రవికెతోనే కుట్టుకపోయింది, నా ఎన్క మిషన్ గూడ కదిలె!

చాచా కడుపు పట్టుకొని నవ్విండు. కండ్లు తుడుసుకొని, "కుట్టు సక్కగనే ఉన్నది" అన్నడు. ఇంకింత దగ్గరికొచ్చి, మెల్లగ, "కిర్రుకిర్రుమంటది బిడ్డా, నూనె యాడ పొయ్యాల్నో రాసున్నదా?"

ఆ తెల్లగడ్డానికి అలిఫ్, బే నేనే నేర్పిన. అమ్మ గూడ తెల్లెంటికలతోని పిడి పట్టింది. తొలినాడు ఆమె గూడ తన దిక్కే గుంజె!

నువ్వు రేపు పోయి ఆ కంప్యూటర్ డబ్బా ముందల కూసో. దారం తెగితె మల్ల ఎక్కియ్యి. నా ఆయుష్షు పోసుకొని బతుకు తల్లీ... ఆ కొంగు ఇంక సందుగులనే ఉన్నది, దా, చూపెడ్త... తాళంచెవి యాడ పెట్టిన్నో...