ఎషిమ్ పేరు దొరికిన ఆదివారం

నా పేరు జుమాకదిర్ అసానలీవ్. వయసు డెబ్బై నాలుగు. కొచ్కోర్ జిల్లా గ్రంథాలయంలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఈ రోజు, అంటే 2024 ఏప్రిల్ 22, సోమవారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు, పోలీసు లెఫ్టినెంట్ కుబాత్ అడుగుతుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ మాటలు చెబుతున్నాను. మధ్యాహ్నం పన్నెండుకు ఊరి పెద్దలు మా ఇంటి దగ్గర కూర్చుంటున్నారు. లెఫ్టినెంట్ త్వరగా రాయాలని మొదటే మనవి చేసుకున్నాను.

నిన్న జరిగింది మాత్రమే చెప్పమన్నారు. నిన్న జరిగింది 1981 మే 12న మొదలైంది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి సతిబల్ది మమిరోవ్ గ్రంథాలయానికి వచ్చి, మా నాన్న వంశావళి రాసుకున్న నోటుబుక్కు అడిగాడు. మా నాన్న చనిపోయి అప్పటికి ఏడు నెలలు. సతిబల్ది నాకు బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు, అప్పుడు జిల్లా పత్రికలో ఉద్యోగి. "రాసుకుని పది రోజుల్లో తెచ్చిస్తాన్రా, ఒట్టు," అన్నాడు. ఒట్టు అన్నప్పుడు చెయ్యి నా భుజం మీద ఉంది. రెండేళ్లు తిప్పించుకుని, పొయ్యి పక్కన పెడితే కాలిపోయిందన్నాడు. నేను నమ్మాను. చదువుకున్నవాడు పుస్తకం కాల్చానని అబద్ధం చెప్పడనుకున్నాను.

ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు లోయలోని ఊళ్లన్నీ తిరిగి, ముసలివాళ్లను అడిగి, వంశావళి మళ్లీ కూర్చాను. 2019లో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొత్తం 1312 ఫైళ్లు. ఇల్లు కాలినా పోకూడదని క్లౌడ్‌లో పెట్టాను. వాడిదీ అదే వంశమని పెద్దలు పట్టుబట్టడంతో ఆ ఫోల్డర్‌ను సతిబల్దికి కూడా పంచాను. నాలాగే తనూ అందులో ఫైళ్లు వేయవచ్చు.

శనివారం, ఏప్రిల్ 20న, నా తమ్ముడి కూతురు బేగాయిమ్‌కు కమ్మలు పెట్టి పెళ్లి ఖాయం చేసే వేడుక. తమ్ముడు లేడు, ఆ పిల్లకు పెద్దదిక్కు నేనే. వరుడు తిలేక్, ఈ సతిబల్ది మనవడే. ఆ ఇంటితో వియ్యం నాకు ఇష్టమా అని లెఫ్టినెంట్ అడిగారు. ఇష్టం లేదు. పిల్లకు ఇష్టం. రాసుకోండి.

ఉదయం పదకొండుకు తిలేక్ తల్లి జూరా పిల్ల చెవులకు కమ్మలు పెట్టింది. పదకొండున్నరకు పెద్దలు తరాలు లెక్కపెట్టారు. మాలో ఏడో తరం వరకు ఒకే తాత కలిస్తే పెళ్లి లేదు. లెఫ్టినెంట్‌కు తెలుసు, అయినా రికార్డులో ఉండాలి. రెండు ఇళ్లకూ మూలపురుషుడు జాన్‌తై. తిలేక్ వైపు నుంచి ఎనిమిదో తాత. బేగాయిమ్ వైపు నుంచి ఏడో తాత.

"కుదరదు," అన్నాడు ముర్జాకుల్. పెద్దలందరిలో పెద్ద, ఆయనకు ఎనభై ఆరేళ్లు.

"మధ్యలో ఇంకో మనిషి ఉన్నాడన్నా. మంచు కింద పోయాడని మా నాన్న ఒకసారి చెప్పాడు," అన్నాను.

"పేరేంటి?"

"గుర్తులేదు."

"పేరులేనివాణ్ణి ఏ వరుసలో కూర్చోబెట్టమంటావురా? పోనీ, నీ పెట్టె తెరువు."

తెరిచాను. ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి, పక్కన చిన్న మబ్బు బొమ్మ ఉంది, ఒక్కటీ తెరుచుకోలేదు. గురువారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఆపరేటింగ్ సిస్టమ్ దానంతటది అప్‌డేట్ అయింది. అప్పటి నుంచీ అంతే.

"మబ్బులో దాచాడట! వాన పడ్డాక పిలవరా, వస్తాం," అన్నాడు ముర్జాకుల్. అందరూ నవ్వారు. "ఇకమీదట ఆ తెర మీది మాట మాకొద్దు. కాయితం ఉంటే తీసుకురా."

సతిబల్ది నాకు ఎదురుగా కూర్చున్నాడు. నవ్వలేదు. నూనెలో వేయించిన పిండిముక్క ఒకటి తిన్నాడు. వేళ్లు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. ఇంకొకటి తిన్నాడు. మళ్లీ ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. మనవడి పెళ్లి ఆగిపోతోంది, వాడు వేళ్లు తుడుచుకుంటున్నాడు. పన్నెండుంబావుకు బేగాయిమ్ తానే కమ్మలు తీసి జూరా చేతిలో పెట్టింది. ఎడమ చెవి ఎర్రగా కందిపోయి ఉంది.

నిన్న ఆదివారం ఉదయం ఏడున్నరకు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ మనిషి గురించి ఏ ముసలమ్మైనా చెప్పిన ముక్క నా ఫైళ్లలో ఎక్కడో ఉండకపోతుందా అని ఆశ. సహాయం పేజీలన్నీ చదివాను. చదవడం నా వృత్తి. మొదట గడియారం చూశాను. అప్‌డేట్ తర్వాత అది అయిదు గంటలు వెనక్కి పోయి ఉంది. గడియారం తప్పితే క్లౌడ్ మనల్ని గుర్తుపట్టదని చదివాను. సరిచేశాను. తొమ్మిదింటికి ఖాతా తెంచి మళ్లీ కలిపాను. పాస్‌వర్డ్ కోసం గంట వెతికాను, అది నా కళ్లజోడు పెట్టె అడుగున రాసి ఉంది. ఇంకా తెరుచుకోలేదు. పదిన్నరకు అసలు సంగతి దొరికింది! అప్‌డేట్ నా ఫోల్డర్ పక్కనే అదే పేరుతో ఇంకో ఖాళీ ఫోల్డర్ పెట్టింది. కంప్యూటర్ ఆ ఖాళీ దాన్ని పట్టుకుని వేలాడుతోంది. పాత ఫోల్డర్ దారి చూపించాను. ఫైళ్లన్నీ ఈ కంప్యూటర్‌లోనే ఎప్పుడూ ఉంచమని నొక్కాను.

పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు మొదటి ఆకుపచ్చ టిక్కు పడింది. లెఫ్టినెంట్ గారూ, నేను లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను. "వస్తున్నాయే! బేగాయిమ్, వస్తున్నాయి!" అని అరిచాను.

"ఏమొస్తున్నాయి పెదనాన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి," అంది పిల్ల.

రెండు వందలు, అయిదు వందలు, వెయ్యి. టీ చల్లారిపోయింది. మధ్యాహ్నం రెండు గంటల నలభైకి 1312 వచ్చాయి. అంకె ఆగలేదు. 1313. 1314. నావి 1312 మాత్రమే. 1351 దగ్గర ఆగింది. కొత్తవి ముప్పై తొమ్మిది, అన్నీ ఫోటోలు, ఏప్రిల్ 19న సతిబల్ది వేసినవి.

మొదటిది తెరిచాను. ఊదారంగు పెన్సిలు. పాత అరబ్బీ లిపి. కింద కుడిమూల గొర్రె కొవ్వు మరక. ఆ మరక నాది. ఆరేళ్ల వయసులో నేను చేసింది. అది మా నాన్న చేతిరాత. కాలిపోయిన నోటుబుక్కు.

పదిహేడో పేజీలో ఇలా ఉంది: "కరబాయ్ కొడుకు ఎషిమ్. పందొమ్మిదేళ్లకు మంచు కింద పోయాడు. కొడుకు తొలోగోన్ అప్పటికి పుట్టలేదు. తాత పెంచాడు. తొలోగోన్ తాతనే నాన్నా అన్నాడు. ఎషిమ్‌ను లెక్కలో మరవకండి."

ఎషిమ్. నేను మరిచాను. నాన్న మరవవద్దని రాసినా మరిచాను. మా వరుసలో తొలోగోన్‌ను నేరుగా కరబాయ్ కొడుకుగా లెక్కపెడుతూ వచ్చాం. ఎషిమ్‌తో లెక్కపెడితే జాన్‌తై పిల్లకు కూడా ఎనిమిదో తాత. పెళ్లి కుదురుతుంది.

మూడు గంటల ఇరవైకి, కంప్యూటర్ చేతుల్లో పట్టుకుని, ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులతోనే, మూడు వీధుల అవతల సతిబల్ది ఇంటికి వెళ్లాను. తలుపు బద్దలు కొట్టానని వాడిచ్చిన ఫిర్యాదులో ఉంది. అబద్ధం. జూరా తీసింది. "రండి బాబాయ్ గారూ, టీ తాగుదురు," అంది.

"ఇది నా ఫోల్డర్‌లోకి ఎలా వచ్చిందిరా?" అని సతిబల్దికి తెర చూపించాను.

వాడు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "శుక్రవారం నా కంప్యూటర్ కూడా అలాగే అయిందిరా. ఏదీ తెరుచుకోలేదు. నీ ఫోల్డర్ ఒక్కటే బాగుంది. పోతాయేమోనని ఉన్నవన్నీ అందులో పడేశాను. ఇవి కూడా ఉన్నాయని చూసుకోలేదు."

"కాలిపోయిందన్నావు."

"అప్పుడు నా పేరుతో పుస్తకం వేద్దామనుకున్నా. తర్వాత సిగ్గేసింది."

"నిన్న ఎందుకు నోరు విప్పలేదు? నీకు ఎషిమ్ సంగతి తెలుసు. తెలిసీ పిల్లచేత కమ్మలు తీయించావు!"

"విప్పితే దొంగనని తేలదా? ఈ వయసులో, మనవడి ముందు?"

అప్పుడు జూరా చేతిలోని టీ కూజా కింద పడింది. అది నేను పగలగొట్టానని ఫిర్యాదులో ఉంది. నేను కాదు. ఆమె మామగారి వైపు చూసి, "అంటే నా కొడుకు పెళ్లి మీరే ఆపారా?" అంది. అంతే అంది.

నోటుబుక్కు మడతపెట్టిన దుప్పట్ల దొంతర కింది పెట్టెలో ఉన్నట్టు నాకెలా తెలిసిందని లెఫ్టినెంట్ మూడుసార్లు అడిగారు. జూరా ఆ దుప్పట్ల వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె చూడలేదని స్పష్టంగా రాయండి. ముప్పై ఆరేళ్లు గ్రంథాలయంలో ఉన్నవాడికి జనం పుస్తకాలు ఎక్కడ దాస్తారో తెలుస్తుంది. మీరు ఏడో తరగతిలో తీసుకెళ్లిన గుర్రాల పుస్తకం ఎక్కడుందో కూడా చెప్పగలనని లెఫ్టినెంట్‌తో అన్నాను. ఆయన ఈ వాక్యం తీసేయమన్నారు. నేను ఒప్పుకోలేదు.

సతిబల్ది నా చొక్కా చెయ్యి పట్టి లాగాడు. కుట్టు ఊడింది, చూపించాను. నేను చెయ్యి ఎత్తలేదు. నోటుబుక్కు తీసుకున్నాను. నా వస్తువు నేను తీసుకోవడం దొంగతనం కాదు. నాలుగు గంటల పది నిమిషాలకు వాడు ఫిర్యాదు ఇచ్చాడు. అయిదింటికి మీరు వచ్చి నోటుబుక్కును ఆధారంగా పట్టుకెళ్లారు. నలభై మూడేళ్ల తర్వాత అది నా చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు.

ఇప్పుడు అది ఈ బల్ల మీదే ఉంది, సంచిలో, ముద్ర వేసి. సమయం పదకొండు ఇరవై. పెద్దలకు కాయితం కావాలి, ఫోటో కాదు. ఆధారాన్ని ఠాణా దాటనివ్వకూడదని లెఫ్టినెంట్ అన్నారు. ఆధారాన్ని చేతిలో పట్టుకుని లెఫ్టినెంటే వస్తే అది పోలీసుల దగ్గరే ఉన్నట్టు కదా అన్నాను. ఆయన టోపీ తీసుకున్నారు. బయట తిలేక్ కారు స్టార్ట్ చేసి ఉంచాడు. వెనక సీట్లో జూరా కూర్చుంది. గుప్పిట మూసి ఉంది, వేళ్ల సందున కమ్మ కొస మెరుస్తోంది.

ఇదంతా నాకు చదివి వినిపించారు. రెండు అక్షరదోషాలు దిద్దించాను. ఇందులో నేను చూడనిది, విననిది ఏదీ లేదు. ఫిర్యాదుదారుడితో రాజీ పడతారా అని చివరి ప్రశ్న. పిల్లలకు పెళ్లి జరుగుతుంది. వియ్యంకుడి పక్కన కూర్చుంటాను, వాడు అందించిన మాంసం తింటాను. ఎషిమ్‌ను మరిచిన తప్పు నాదే, దాన్ని ఎవరి మీదకూ నెట్టను. కానీ ఆ పేరు దుప్పట్ల కింద దాచుకుని, శనివారం నా ఎదురుగా కూర్చుని, వేళ్లు ఒక్కొక్కటిగా తుడుచుకున్నవాణ్ణి క్షమించానని మాత్రం రాయకండి. రాయాల్సింది వాడి పేరు, పూర్తిగా: సతిబల్ది మమిరోవ్.

(సంతకం) జు. అసానలీవ్
ఉదయం 11.34