ఎర్రంగీ

సిరిసిల్లలో నాలుగు నెలలుగా బట్ట నేసే సాంచాలు ఆగిన ఇంట్లో, అత్తాకోడళ్లు కొత్తగా కుట్టిన బొంత ముక్క ముందు కూర్చున్నారు.

“మంచిగనే ఉన్నడు గదనే వనితా, బ్యాటు పట్టినోడు! బొంత కప్పుకొని పండెటోళ్లకు గీ క్రికెట్ ఎందుకో గని.”

“వీపు మీది ఏడంకె సూడు అత్తమ్మా. అద్దంల సూసినట్టు ఎడమకు తిరిగింది.”

“గట్లెట్లయింది?”

“కాగితం ఎనుక బట్ట పెట్టి ముందటి గీతల మీద కుడ్తె, బొమ్మ అవతలి దిక్కు ఉల్టా పడ్తది. అంకె తిరగేసి గీయాలె. నేను సక్కగ గీసిన.”

“ఇప్పి మల్ల కుట్టు.”

“ఇప్పితె పోగులు లేస్తయి. ఎర్రబట్ట అయిపోయింది. పొద్దూకంగ సేటు నమూనా సూస్తడు. నచ్చితె మా ఆలుమొగలిద్దరికీ ఏడాది పని.”

“నచ్చకుంటె?”

“నీ కొడుకు రేపు మస్కట్ పోతడు.”

అత్త మూలనున్న కొడుకు సూట్‌కేసు జిప్పు లాగి, ఎర్ర అంగీ తీసింది.

“ఇంద, గీ ఎర్రంగీ కత్తిరించు.”

“అయ్యో, రేపు విమానమెక్కంగ ఏసుకునే అంగీ అత్తమ్మా! ఏమేసుకొని పోతడు?”

“పోవద్దనే గదనే కత్తిరించుమంటున్న! కత్తెర ఇటు తే, నేనే కత్తిరిస్త. నువ్వు ముందు ఏడు తిరగేసి గియ్యి.”