తొమ్మిది వెయ్యోవంతులు

మోంటానాలో ఒక చిన్న ఊరు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలలో మళ్ళీ మందు, గుండు నింపుకుని సొంతంగా తూటాలు చేసుకునేవాళ్ళకు సామాను అమ్మే దుకాణం. మార్చి, మంగళవారం మధ్యాహ్నం. కౌంటర్ వెనక రాస్కో. ఎదురుగా అతని తమ్ముడు వెండెల్ భార్య మార్లిస్, చేతిలో పెద్ద సంచి. పొయ్యి పక్కన కాఫీ కప్పుతో ఆర్లో. ఆయన రైఫిల్ క్లబ్ కమిటీ పెద్ద.

"అది కాదు. జారనిది చూపించు."

"మర బిగిస్తే గొట్టాలు కోసే ఏ ట్రిమ్మరూ జారదు, మార్లిస్."

"వెండెల్‌కి నువ్వు అమ్మింది జారింది."

"జారలేదు."

"జారకపోతే ఆయన కన్నెందుకు పోయింది?"

"సామాను కొనడానికి వచ్చావా, గొడవకి వచ్చావా? గిరాకీ టైములో నాకు ఇదంతా వద్దు."

"గిరాకీ ఎక్కడుంది? ఆర్లో గారు తప్ప ఎవరూ లేరు. ఆయన పదేళ్ళుగా కాఫీ తప్ప ఏం కొన్నారని?"

"కాఫీ కూడా కొనలేదమ్మాయ్. ఊరికే పోస్తాడు."

"మీరు మధ్యలో రాకండి ఆర్లో గారూ. ట్రిమ్మర్ ఎవరికి, మార్లిస్?"

"నాకు."

"నీకా?"

"నాకే. వెండెల్ తన బల్ల మీద దుప్పటి కప్పేశాడు. తూటాలు నింపే ప్రెస్సు ముట్టుకోడు. నేను నేర్చుకుంటాను."

"ఇది కుట్టుమిషను కాదు."

"కుట్టుమిషను నీకు రాదు. ఇది నాకు వస్తుంది. చూపించు."

"ముందు నా కోటు సంగతి చెప్పు."

"ఏ కోటు?"

"ఏ కోటేంటి! నా కాన్వాసు కోటు. రెండుసార్లు ఫోన్ చేశాను. అక్టోబర్ నుంచి నీ దగ్గరే పడుంది. ఆసుపత్రివాళ్ళు నీ చేతికే ఇచ్చారట."

"రక్తమైంది దానికి."

"అయితే అయింది. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యమన్నాను కదా."

"రక్తంతో ఉన్న కోటు ఏం చేసుకుంటావు?"

"నా కోటు. నా ఇష్టం. ఆ రోజు చలికి వాడు వణుకుతుంటే నా ఒంటి మీది కోటు తీసి వాడికి ఇచ్చాను. అన్నగా అంత చేశాను. దానికి ఇదా మర్యాద?"

"సంచిలో ఉంది. పని అయ్యాక ఇస్తాను. ట్రిమ్మర్ చూపించు."

"ఇప్పుడే ఇచ్చెయ్యి."

"పని అయ్యాక."

"అబ్బ, చూపించవయ్యా రాస్కో. కోటు ఎక్కడికీ పారిపోదు."

"సరే. ఇదిగో, ఇది చేతిపిడిది. గొట్టం అడుగు ఇక్కడ బిగించాలి, మూతి అటు కత్తి వైపు. పిడి తిప్పితే ఎక్కువున్న ఇత్తడి రాలిపోతుంది. పొడవు ఎంత కావాలో ఈ మర దగ్గర ఒక్కసారి పెట్టుకుంటే చాలు."

"వెండెల్‌దీ ఇదే."

"ఇదే. ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను. ఇంకోటి ఉంది, డ్రిల్లుకి తగిలించేది. గంటలో మూడు వందలు కోస్తుంది. నీకెందుకు? ఆ పైనున్నది మోటారుది. అదీ నీకెందుకు?"

"నాకెందుకో నేను చూసుకుంటాను. నమ్మకమైనది ఏది?"

"చేతిపిడిది."

"నమ్మకం అంటే?"

"మొదటి గొట్టం ఎంతకి కోసిందో నూరోది కూడా అంతకే కోయాలి. అదే నమ్మకం. ఇంకేం లేదు."

"పొడవుల్లో తేడా వస్తే?"

"మర వదులైందని అర్థం."

"అన్నీ ఒకే పొడవు వచ్చి, ఆ పొడవే తప్పైతే?"

"ట్రిమ్మర్ మంచిది, తిప్పినవాడు వెధవ అని అర్థం."

"ఆ మాటే ఊరంతా చెప్పావు."

"నేనెవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి చెప్పాను."

"ఊరంతా అడిగింది కదా."

"కన్ను పోతే అడగరా మరి?"

"గురువారం కమిటీ కూర్చుంటోంది. ఇరవై రెండేళ్ళు ఈ ఊరి పిల్లలకి తుపాకీ పట్టుకోవడం నేర్పాడు నీ తమ్ముడు. ఇప్పుడు ఆ క్లాసు లాగేస్తున్నారు. నీ మాట మీద."

"ఇంకా లాగెయ్యలేదమ్మాయ్. రాస్కో కాగితం రాసిస్తానన్నాడు. దాని కోసం ఆగాం."

"రాస్తాను. సొంత తూటా సరిగ్గా నింపుకోలేనివాడు పిల్లలకి ఏం నేర్పుతాడు? తమ్ముడైనా సరే, మాట మాటే."

"వెండెల్ ఏమంటున్నాడమ్మాయ్?"

"ఏమంటాడండీ? ఆ పొద్దున లేచింది కూడా గుర్తులేదు ఆయనకి. కట్టుతో పడుకున్నవాడి పక్కన కూర్చుని రాస్కో చెప్పాడు, నీ తూటాలే పేలాయి, తప్పు నీదే అని. నమ్మాడు. ఇంటికి రాగానే బల్ల మీద దుప్పటి కప్పాడు. ఆ క్లాసు ఒక్కటీ ఉంటే మనిషి లేస్తాడు. అదీ పోతే ఇంక లేవడు."

"నేనేం చెయ్యను? ఉన్నది చెప్పాను."

"నువ్వు కాల్చావా ఆ రోజు?"

"ఏంటి?"

"వేట సీజన్ ముందు గురి సరిచూసుకోవడానికే కదా ఇద్దరూ వెళ్ళారు. నువ్వు కాల్చావా?"

"నా వంతు రాలేదు. వాడు ముందు కాల్చాడు. మూడో తూటాకే అయిపోయింది. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఊరికే అడిగాను. మీ ఇద్దరివీ ఒకేలాంటి రైఫిళ్ళు కదా."

"ఒకేలాంటివేంటమ్మాయ్, కవలలు! వీళ్ళ నాన్న ఒకే రోజు కొన్నాడు. ఏది ఎవరిదని చూసినప్పుడల్లా కొట్టుకునేవాళ్ళు."

"ఆర్లో గారూ!"

"నిజమే కదయ్యా."

"రైఫిళ్ళు ఒకటే. తూటాలు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఒకడు నింపినది ఇంకొకడు కాల్చకూడదు. నాన్న మొదట నేర్పింది అదే. వెండెల్ తూటా నేను ముట్టుకోను, నా తూటా వాడు ముట్టుకోడు."

"ఎన్నడూ?"

"ఎన్నడూ."

"సరే. గురువారం నేనూ వస్తాను. ట్రిమ్మర్ మర జారింది, అది ఈ దుకాణంలో కొన్నది అని చెప్తాను."

"నా దుకాణం పేరు తీశావంటే—"

"తీస్తాను."

"నోరు అదుపులో పెట్టుకో మార్లిస్! ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళలో ఉన్నది నేను అమ్మిన ట్రిమ్మరే. ఒక్కడు తిరిగి తెచ్చాడా? ఒక్కడు?"

"నేను తెచ్చాను. తీసుకో, ఇది ట్రిమ్మర్. ఈ డబ్బాలో తూటాలు. విప్పి కొలిచి చూపించు. జారలేదని తేలితే గురువారం నేను నోరెత్తను."

"ఎక్కడివి ఈ తూటాలు?"

"ఆ రోజువి. మిగిలినవి."

"అదే, ఎక్కడివని?"

"ఆసుపత్రివాళ్ళు బట్టలతో పాటు ఇచ్చారు. ఏం? వెండెల్‌వి కావా? ఆ రోజు వెండెల్ దగ్గరున్నవి ఎవరివై ఉంటాయి?"

"ఆసుపత్రివాళ్ళు ఇచ్చారా ఇవి?"

"రాస్కో, నిన్నే. ఎవరివి?"

"వెండెల్‌వే. ఎవరివైతే... వెండెల్‌వే. కానీ ఇప్పుడెందుకు ఇవన్నీ? అయిపోయినదాన్ని తవ్వి—"

"నువ్వు కొలవకపోతే ఇంకో ఊరు తీసుకెళ్ళి కొలిపిస్తాను."

"విప్పవయ్యా. నేనూ చూస్తాను. కమిటీకి పనికొస్తుంది."

"మీరు కూర్చోండి ఆర్లో గారూ."

"కూర్చుంటే కనపడదు. గుండు ఊడదీసే సుత్తి ఇదిగో. తూటా ఇందులో బిగించి కొట్టు."

"కొడుతున్నాను. కాస్త జరగండి."

"గుండు ఊడింది. మందు ఇందులో పొయ్యి. గొట్టం ఇటివ్వు, నేను కొలుస్తాను."

"నా కాలిపర్ నేనే పడతాను. ఈ రకానికి రెండు పాయింట్ అయిదు నాలుగు అంగుళాలు దాటకూడదు. దాటితే మూతి లోపల ఇరుక్కుని గుండుని బిగబట్టేస్తుంది. గ్యాస్ వెనక్కి తంతుంది."

"తెలుసు. తన్నింది. ఎంతుంది?"

"రెండు పాయింట్ అయిదు నాలుగు... తొమ్మిది."

"అంటే?"

"అంగుళంలో తొమ్మిది వెయ్యోవంతులు ఎక్కువ, అమ్మాయ్."

"ఇంకోటి విప్పు."

"చాలు కదా ఒకటి."

"ఒక్కదానితో మర జారిందో లేదో ఎలా తెలుస్తుంది? నువ్వే చెప్పావు."

"సరే... ఇదిగో. తొమ్మిది."

"ఇంకోటి."

"తొమ్మిది. చూశావా? చూశారా ఆర్లో గారూ? మూడూ ఒకటే. ట్రిమ్మర్ జారితే మూడు మూడు రకాలుగా ఉండేవి. నా ట్రిమ్మర్ మంచిది!"

"మరి తప్పెక్కడుంది?"

"చేతిలో. మూతి చూడు, మెరుస్తోంది. కోశాడు. కొయ్యక కాదు. కానీ ముందు కోసి, తర్వాత అచ్చులో పెట్టి నొక్కాడు. కాల్చిన గొట్టం ఉబ్బి ఉంటుంది. నొక్కితే సన్నబడి పొడవు సాగుతుంది. ముందు నొక్కాలి, తర్వాత కొయ్యాలి. మొదటి వారంలో నేర్చుకునే పని."

"అంత తెలిసినవాడు ఎందుకు అలా చేస్తాడు?"

"తొందర. సీజన్ ముందు పని మీద పడుతుంది, ఒకేసారి వంద గొట్టాలు ముందేసుకుంటాడు, ఏది నొక్కాడో ఏది నొక్కలేదో—"

"నీకు బాగా తెలిసినట్టుందే."

"ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాకు. తెలీకుండా ఉంటుందా?"

"గొట్టాలు ఎవరివైనా, ఇలా నింపినవాడికి క్లాసు ఇవ్వకూడదంటావు."

"క్లాసేంటి, క్లబ్బులో అడుగు పెట్టనివ్వకూడదు."

"రాయి."

"ఏంటి?"

"కాగితం రాసిస్తానన్నావుగా. ఇప్పుడే రాయి. ఆర్లో గారు ఇక్కడే ఉన్నారు."

"రాస్తాను. నాకేం భయం? ‘వెండెల్ నింపిన తూటాలు—’"

"ఆయన పేరు రాయకు. చదివితే నా కడుపు మండుతుంది. ‘ఈ తూటాలు నింపినవాడు’ అని రాయి. ఎవరో అందరికీ తెలుసుగా."

"నాకు ఏదైనా ఒకటే. ‘ఈ తూటాలు నేనే విప్పి కొలిచాను. ట్రిమ్మర్‌లో లోపం లేదు. వీటిని నింపినవాడు ముందు కోసి తర్వాత నొక్కాడు. అలాంటివాడిని క్లబ్బులో ఉంచకూడదు.’ చాలా?"

"సంతకం."

"ఇదిగో సంతకం. ఇప్పుడు నా కోటు ఇచ్చి వెళ్ళు. ట్రిమ్మర్ కొంటావా, కొనవా?"

"ఆగు. ఆర్లో గారూ, ముందు ఈ పెట్టె చూడండి."

"పచ్చ పెట్టె. వెండెల్ రాత. ఇరవై తూటాలు, అక్టోబరు, ‘నొక్కాను, కోశాను, కొలిచాను’ అని వరసగా టిక్కులు. వాడు ఎప్పుడూ ఇంతే. ఒకటి, రెండు... అమ్మాయ్, ఇరవైకి ఇరవై ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. ఆ పొద్దున వంటింటి బల్ల మీద మర్చిపోయి వెళ్ళాడు. సీజన్‌కి ఆయన నింపేది ఇరవయ్యే. రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చి చూశాను. అక్కడే ఉంది."

"ఇంకో పెట్టె నింపి ఉంటాడు! ఉంటాడు కదా? వాడికి గుర్తులేదన్నావు—"

"రాస్కో, నువ్వు అరవకు. మరి వాడు కాల్చినవి ఏంటమ్మాయ్?"

"అది నాకూ తెలీలేదండీ. అయిదు నెలలు తెలీలేదు. ఉతుకుదామని మొన్న శనివారం ఈ కోటు తీశాను."

"నా కోటు ఇటివ్వు."

"ఆర్లో గారూ, కుడి జేబులో చెయ్యి పెట్టండి. అందులో దొరికిన తూటాల్లో ఆరు మాత్రం డబ్బాలో వేసి తెచ్చాను. మిగిలినవి కదపలేదు."

"అది నాది! ఇటివ్వు, ఇవ్వు మార్లిస్—"

"చెయ్యి తియ్యి రాస్కో. తియ్యి. ఒకటి... రెండు... అయిదు. నీ కాలిపర్ ఇటు జరుపు. వీటిని కూడా కొలుద్దామా, లేక కాగితం మీద ‘నింపినవాడు’ అన్నచోట నీ పేరు ఇంకోసారి రాస్తావా?"