చిన్ని దగ్గు

బెంగళూరు శివారు హూడి, 2004 ఎండాకాలం. దగ్గుతోందని చిన్ని అనే పెంపుడు చిలకను పశువుల ఆస్పత్రికి తీసుకుపోయిన అర్పిత, పంజరంతో అప్పుడే ఇంటికి వచ్చింది. అత్త అక్కయమ్మ తలుపు తీసింది.

“మందూ లేదు, మాకూ లేదత్తా. ముందు పంజరం పట్టుకో. చెయ్యి పీక్కపోతా ఉండాది.”

“ఇట్లియ్యి. చిలకకు ఆస్పత్రి ఏందమ్మా అంటే వింటివా? దొరక్క దొరక్క ఒక సెలవు దొరికితే అదీ బస్సుల్లోనే పోగొట్టుకుంటివి.”

“రెండు బస్సులు మారినా. ఇది గూర్ఖా విజిల్ నేర్చుకునింది కదా, కె.ఆర్.పురం దాటంగానే బస్సులో వేసింది. డ్రైవర్ బండి నిలిపేసినాడు. కండక్టర్ నన్ను తిట్టిన తిట్లు...”

“అయ్యో నా చిన్నీ!”

“నవ్వొద్దత్తా. నాకు నిలబడేదానికే ఓపిక లేదు.”

“కూర్చో, కూర్చో. మజ్జిగ తెస్తా. మందు ఎందుకు ఇయ్యలేదంట?”

“జబ్బే లేదంట. డాక్టర్ రొమ్ము మీద గొట్టం పెట్టి చూసినాడు, రెక్కలు విప్పి చూసినాడు, ముక్కు తెరిచి లైటు వేసి చూసినాడు. ఊపిరి శుభ్రంగా ఉండాదంట... అత్తా, ఆ కొళాయి కట్టెయ్. నీళ్లు సుమ్మనే పోతా ఉండాయి. నా మాట వినపడతా ఉండాదా?”

“వింటా ఉండా. గిన్నె కడుగుతా ఉండా. తాలింపు ఘాటుకు దగ్గింటాది అని నేను అప్పుడే—”

“ఘాటు కాదు.”

“ఉప్పు వేయనా?”

“వెయ్యి. ఘాటు కాదత్తా, విను. దగ్గును అది నేర్చుకునిందంట.”

“నేర్చుకునేదానికి అదేమన్నా పాటా?”

“నేనూ అదే అడిగితి. మనకు మాట గొంతులో పుడతాది కదా, పక్షులకు రొమ్ములో పుడతాదంట. ఊపిరి గొట్టం రెండుగా చీలే తావులో. చిలకయితే ఆ తావు నుంచే ఏ శబ్దమైనా, ఎవరి గొంతైనా అట్లే దించేస్తాదంట. మన కుక్కర్ కూత పట్టలేదా? హరీశ్ స్కూటర్ చప్పుడు పట్టలేదా?”

“ఆ చప్పుడుకు కొడుకు వచ్చినాడని ఎన్నిసార్లు పోయి తలుపు తీసింటానో.”

“ఎవరిని తన గుంపు అనుకుంటాదో వాళ్ల శబ్దాలే ఎక్కువ పడతాదంట. డాక్టర్ అడిగినాడు నన్ను. ఏమమ్మా, మీ ఇంట్లో దగ్గేది ఎవరు అని.”

“మజ్జిగ తాగు.”

“ఎవరూ లేరు సార్ అంటి. అబద్ధం చెప్పేదాన్ని చూసినట్ల చూసినాడు.”

“పక్కింటి మునిస్వామి ఉండాడు కదా. బీడీలు. గోడకు అవతల నుంచి—”

“మునిస్వామి కూతురింటికి పోయి ఎన్నాళ్లయింది!”

“అయిందా? దినాలెట్ల పోతాయో.”

“అత్తా, నిజం చెప్పు. నీ కొడుకు మళ్ళా సిగరెట్ మొదలుపెట్టినాడు కదా?”

“హరీశా?”

“నీ తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినాడు. నేను ఆఫీసులో ఉండేటప్పుడు ఇంటికొచ్చి తాగుతా ఉండాడు. నువ్వు చూస్తా ఉండావు. చెప్పవు.”

“...అవునమ్మా.”

“అవునా?”

“ఎప్పుడన్నా ఒకటి. నువ్వు కోపం చేసుకుంటావని చెప్పలే. నేను గదిమినాలే, మానేస్తాడు. వాణ్ణి ఏమీ అనొద్దు.”

“అనొద్దా! ఫోన్ ఎక్కడ ఉండాది? ఇప్పుడే అడుగుతా. పోయినేడు నీ ఆపరేషన్‌కు ఉద్యోగం వదిలేస్తి. మళ్ళా వెతుక్కుని, ట్రైనింగ్ చేసి, ఇంకా పర్మనెంట్ కూడా కాలే. ఇప్పుడు ఆయన ఊపిరి చెడగొట్టుకుంటే మళ్ళా ఇంట్లో కూర్చోవాల్సింది ఎవరు?”

“అందుకే కదమ్మా...”

“అందుకే ఏంది?”

“ఏమీ లేదు. ఫోన్ పెట్టెయ్. వాడు పనిలో ఉంటాడు.”

“నాకు అలుపొచ్చిందత్తా. అందరి మీదా అలుపే. ఈ చిలకకు కూడా నా మాట ఒక్కటీ రాదు. పొద్దున పోయి చీకటికి వస్తా, దాని గుంపులో నేనెక్కడ?”

“అట్ల అనొద్దు. నీ పేరు వస్తాది దానికి.”

“నా పేరా? ఎప్పుడు అనింది?”

“అనలేదు. అనలేదమ్మా. నేనే ఏదో...”

“ఆ తువ్వాల ఎందుకు కప్పుతా ఉండావు పంజరం మీద?”

“నిద్రపోనీ. బస్సులో బెదిరిపోయింటాది.”

“ఇంకా వెలుగు ఉండాది కదా. తియ్యి. చిన్నీ, నా పేరు చెప్పు చూద్దాం. అర్పిత. చెప్పు, అర్పిత.”

“వద్దమ్మా, అలిసిపోయింది అది. కప్పెయ్—”

“ఉండత్తా, ముక్కు తెరుస్తా ఉండాది. చెప్పు చిన్నీ, అర్పిత...”

“ఖళ్... ఖళ్ ఖళ్... అమ్మా... చిన్నీ, అర్పితకు చెప్పొద్దే. పాపం, మళ్ళా పని వదిలేస్తాది.”